ఎక్సెల్ ముందా, పహాణీ ముందా?

లెక్కవాది: రియల్ ఎస్టేట్ ప్రైవేట్ ఈక్విటీ అనేది పింఛను నిధులు, బీమా సంస్థలు, సంపన్న కుటుంబాలు అప్పగించిన సొమ్మును ఒక నిధిగా కూర్చి, ఆ నిధితో కార్యాలయ భవనాలనో గోదాములనో ఇంకా కట్టుబడి మొదలుకాని భూమినో కొని, అయిదారేళ్లు నిర్వహించి, తిరిగి అమ్మి, మదుపరులకు వారి రాబడి ముట్టజెప్పాక మిగిలిన లాభంలో వాటా పుచ్చుకొనే వ్యాపారం. భారతదేశంలో ఈ నిధులు 2012లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల కింద, సాధారణంగా రెండవ కేటగిరీలో, నమోదవుతాయి. ఒక మదుపరి పెట్టవలసిన కనీస మొత్తం 1 కోటి రూపాయలు. ఇంత పెద్ద మొత్తాలను కొద్దిమంది మనుషులతోనే నడిపే సంస్థలు గనుక, కొత్తగా తీసుకొనే విశ్లేషకుడి స్థానం ఒకటి ఖాళీ అయితే ఐఐఎంల వారు, ఐఎస్‌బీ వారు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆస్తి సలహా సంస్థల్లో రెండు మూడేళ్లు పనిచేసినవారు అందరూ దానికోసం వస్తారు. హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురాలో బీకాం ముగించిన అభ్యర్థికి ఆ గుంపులో చెప్పుకోదగిన పరిచయాలు ఉండవు. అందరికీ ఒకే తీరున పెట్టే పరీక్ష ఒక్కటే అతనికి న్యాయం చేయగలిగింది. ఆ పరీక్షలో ఒక భవనపు అద్దెదారుల పట్టీ, అప్పు షరతులు చేతికిచ్చి, రెండు మూడు గంటల్లో ఎక్సెల్‌లో ఆ భవనం విలువ కట్టి చూపమంటారు. కాబట్టి సన్నాహం లెక్కతో మొదలై లెక్కతో ముగియాలి.

నేలవాది: అది ఉద్యోగం సంపాదించడానికి సన్నాహమే అవుతుంది గాని ఉద్యోగం చేయడానికి కాదు. హైదరాబాద్‌లో పెట్టుబడులు చిక్కుకొన్న చోట్లను వరుసగా చూసినవారికి ఎక్సెల్ సూత్రం తప్పడం వల్ల మునిగిన వ్యవహారం అరుదుగా కనిపిస్తుంది. కాగితం తప్పడం వల్ల ఏళ్లకేళ్లు ఆగినవి అడుగడుగునా కనిపిస్తాయి. మణికొండ జాగీరు కథ దీనికి చాలు. అక్కడి 1,654 ఎకరాల 32 గుంటల భూమిలో ప్రభుత్వం ల్యాంకో హిల్స్, ఎమ్మార్ వంటి సంస్థలకు స్థలాలు కేటాయించింది. 2006లో వక్ఫ్ బోర్డు ఒక సవరణ ప్రకటన వెలువరించి ఆ భూమి అంతా హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదంది. 2012లో హైకోర్టు బోర్డు పక్షాన తీర్పు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేల్చింది. పదహారేళ్లు కోర్టుల్లో నలిగిన ప్రశ్న ఒక్కటే: ఆ జాగీరు 1949 నాటి జాగీర్ల రద్దుతో సర్కారుపరమైందా, దర్గా వక్ఫుగా మిగిలిందా? ఆ ప్రశ్నకు ఏ పట్టికలోనూ గడి ఉండదు.

లెక్కవాది: మణికొండ ఉదాహరణ బరువైనదే; దాన్ని తేలిక చేయడం తగదు. అయితే రెండు మాటలు చెప్పుకోవాలి. ఒకటి, ల్యాంకో సంస్థ 2018లో పరిసమాపనకు పోయిందంటే దానికి ముఖ్య కారణం విద్యుత్ కేంద్రాల అప్పులే గాని ఈ వ్యాజ్యం ఒక్కటే కాదు. రెండవది అసలైనది. జాప్యం జరుగుతుందని భయపడటం వేరు, జాప్యం ఖరీదు ఎంతో చెప్పగలగడం వేరు. 100 కోట్లు పెట్టి కొన్న ఆస్తి నాలుగేళ్లకు 200 కోట్లకు అమ్ముడైతే ఏటా చక్రవడ్డీ లెక్కన వచ్చే రాబడి, అంటే ఐఆర్ఆర్, 18.9 శాతం. అదే ఆస్తి, అదే 200 కోట్లు, కాని వ్యాజ్యం మూలాన ఏడేళ్లకు చేతికొస్తే ఐఆర్ఆర్ 10.4 శాతానికి పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ సొమ్ము రెట్టింపైంది. మొదటిదానికి మదుపరి సంతోషిస్తాడు, రెండవదానికి బ్యాంకు డిపాజిట్ వైపు చూస్తాడు. ఈ తేడాను అరనిమిషంలో చెప్పలేని వ్యక్తి ముందు ఎన్ని దస్తావేజులు పరచినా అతను నిధి పెట్టుబడి కమిటీకి ఇచ్చేది సలహా అనిపించుకోదు.

నేలవాది: లెక్క సరే, అందులో నాలుగు బదులు ఏడు అని రాయించేది ఎవరు? ఆ మూడేళ్ల తేడాను ముందే పసిగట్టే చూపు ఎక్కడ అలవడుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. నిజాం కాలపు, ఆ వెంటనే వచ్చిన కాలపు రెవెన్యూ కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. తొలి సర్వే తరువాత తయారైన మూల పట్టిక సేత్వార్, జాగీరు లేదా ఇనాం వారసత్వాన్ని ఖరారు చేసే ఉత్తర్వు మున్తఖబ్, సాగులో ఎవరున్నారో గ్రామాలవారీగా నమోదు చేసిన 1954-55 ఖాస్రా పహాణీ, వీటి మీద కనిపించే ఫస్లీ, అంటే రెవెన్యూ లెక్కల, సంవత్సరాలు: ఇవి నగరం పడమటి శివార్లలో ఇవాళ ఎకరం కోట్లు పలికే భూమికి మూలాలు. ఆ శివార్లలోని కోకాపేటలో 2023 ఆగస్టు 3న నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో ఒక ఎకరం 100.75 కోట్ల దాకా పోయింది. అటువంటి ధరలున్న నగరంలో ఆ కాగితాలను అనువాదకుడి సాయం లేకుండా చదవగల విశ్లేషకులు బొంబాయి కార్యాలయాల్లో ఎందరుంటారు? యాకుత్‌పురాలో ఉర్దూ చదివి పెరిగిన అభ్యర్థికి అది ఇంట్లో అబ్బిన విద్య. హిబా విషయం కూడా అంతే. ముస్లిం చట్టంలో నోటిమాటతో, స్వాధీనంతో పూర్తయ్యే దానాన్ని హిబా అంటారు. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ దానికి మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, అటువంటి దానాన్ని తరువాత కాగితం మీద రాసుకొన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. దీని అర్థం, రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీల పట్టికలో, కనిపించని హక్కుదారు ఒకరు ఎక్కడో ఉండవచ్చునని. ఈసీ శుభ్రంగా ఉంది గనుక ఆస్తి శుభ్రంగా ఉందని నమ్మే పొరపాటు ఆ పేటలో పెరిగినవాడు చేయడు.

లెక్కవాది: ఆ చూపుకు విలువ లేదని ఎవరూ అనరు. కాని నిధి ఆ పనిని న్యాయవాద సంస్థకు డబ్బిచ్చి చేయించుకొంటుంది. ముప్పయ్యేళ్ల హక్కు పరిశీలన నివేదిక వారి సంతకంతో వస్తుంది, తప్పైతే బాధ్యతా వారిదే. విశ్లేషకుడిని తీసుకొనేది ఆ నివేదిక రాయడానికి కాదు. ఇక్కడ మరొక మాట కటువైనా చెప్పక తప్పదు. పాతబస్తీ అభ్యర్థికి ‘నీ బలం నీ గల్లీ, నీ ఉర్దూ’ అని బోధించడంలో మెచ్చుకోలు ఉన్నంతగానే గొళ్లెమూ ఉంది. ఈ రంగంలో స్థానిక పరిజ్ఞానం ఉన్నవారికి ఇచ్చే పేరు లైజన్. తహసీల్దారు దగ్గరికీ, సర్వేయరు దగ్గరికీ, యజమాని బావమరిది దగ్గరికీ తిరిగేది అతనే. జీతం కన్నా పెట్రోలు ఖర్చు ఎక్కువ. పెట్టుబడి కమిటీ గదిలోకి అతన్ని పిలిచేది వివరం అడగడానికే గాని ఓటు వేయడానికి కాదు. లెక్క నేర్చినవాడి భుజం మీద మాత్రం ఏ పేట పేరూ ఉండదు. యాకుత్‌పురా స్టేషన్‌లో ఎక్కితే ఎంఎంటీఎస్ మార్గం హైటెక్ సిటీ దాకా పోతుంది. అభ్యర్థి ఆ దారిన పోతున్నది సర్వే నంబర్లు చూపించే మనిషిగా మిగిలిపోవడానికి కాదు.

నేలవాది: ఈ ఆక్షేపణకు తేలికైన జవాబు లేదు. లైజన్ అన్న మాట వెనుక ఉన్న అంతస్తు నిజం, దాన్ని దాటలేక మిగిలిపోయినవారూ నిజం. అయినా ఆ అంతస్తుకు కారణం స్థానిక పరిజ్ఞానం కాదు, దాన్ని అంకెగా మార్చి చెప్పలేకపోవడం. ఇంతవరకు లెక్కవాదంతో పేచీ లేదు. పేచీ క్రమం దగ్గర. క్యాప్ రేటు లెక్కను, అంటే ఏటా వచ్చే నికర అద్దెను ధరతో భాగిస్తే వచ్చే శాతాన్ని, శ్రద్ధ ఉన్నవాడు నెలల్లో పట్టుకొంటాడు. మదుపరులకు ముందుగా 8 శాతమో 10 శాతమో ఇచ్చి, మిగిలిన లాభంలో అయిదో వంతు నిర్వాహకులు తీసుకొనే పంపకపు క్రమాన్ని, వాటర్‌ఫాల్ అనేదాన్ని, ఇంకొన్ని వారాల్లో పట్టుకొంటాడు. సేత్వార్ చదివే చూపు అలా కుదరదు. పైగా తయారుగా అమ్మే మోడల్ నమూనాలు అందరూ కొంటారు. పరీక్ష గదిలో నలభై మంది ఒకే నమూనాను నింపుతుంటే నలభై ఒకటో వాడికి ఒరిగేదేమిటి? ఈ దేశంలో ఈ వ్యాపారం ఎలా పుట్టిందో చూస్తే మరింత స్పష్టమవుతుంది. 2005 మార్చిలో కేంద్రం రెండవ నంబరు ప్రెస్ నోట్‌తో నిర్మాణ రంగంలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడికి దారి తెరిచినప్పుడు లేఅవుట్లకు కనీసం 25 ఎకరాలుండాలనీ, పెట్టుబడి మూడేళ్లు వెనక్కి పోరాదనీ షరతులు పెట్టింది. అంటే వచ్చిన సొమ్ము నగరం నడిబొడ్డుకు కాక శివారు పొలాలకు పోయింది; అక్కడ భూమి ఎవరిదన్న ప్రశ్నలో దిగబడింది. ప్రైవేటు బిల్డరు భూమి కొనడానికి బ్యాంకులు అప్పివ్వరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ ఖాళీని నింపేవి బ్యాంకులు కాని రుణ సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలు, ఈ నిధులే. మౌలిక సదుపాయాల రుణ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 2018లో కూలాక ఎన్‌బీఎఫ్‌సీలు వెనక్కి తగ్గి, సగంలో ఆగిన అపార్ట్‌మెంట్లు దేశమంతా మిగిలితే, వాటిని పూర్తి చేయించడానికి 2019లో కేంద్రం ప్రకటించిన స్వామిహ్ కూడా సెబీ రెండవ కేటగిరీ నిధే. భూమి ప్రశ్నను పక్కన పెడితే భారతీయ రియల్ ఎస్టేట్ ప్రైవేట్ ఈక్విటీ చరిత్రలో సగం పక్కకు పోతుంది.

లెక్కవాది: మిగతా సగమే ఇప్పుడు కొలువులిస్తున్నది. విదేశీ నిధులు శివారు పొలాల పాఠం నేర్చుకొని, కట్టడం పూర్తయి అద్దెలు వస్తున్న కార్యాలయాల వైపు మళ్లాయి. సెబీ 2014లో రీట్ నిబంధనలు తెచ్చింది. రీట్ అంటే అద్దె భవనాల యాజమాన్యాన్ని యూనిట్లుగా చేసి స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్మే ట్రస్టు. దాని ఆస్తుల్లో కనీసం 80 శాతం పూర్తయి ఆదాయం తెచ్చేవై ఉండాలి, పంచదగిన నగదులో 90 శాతం పంచాలి. 2019లో ఎంబసీ, 2020లో మైండ్‌స్పేస్, 2021లో బ్రూక్‌ఫీల్డ్, 2023లో మాల్స్ మీద నెక్సస్ లిస్టయ్యాయి. ప్రైవేటు నిధికి దీనివల్ల అమ్ముకొనే ద్వారం దొరికింది. ఈ పనిలో రోజూ ఎదురయ్యేవి అద్దె గడువులు, ఏ అద్దెదారు ఎప్పుడు ఖాళీ చేయవచ్చు, మూడేళ్లకొకసారి 15 శాతం పెంపు ఒప్పందంలో ఉందా లేదా, ఖాళీగా ఉన్న అంతస్తు నిండటానికి ఎన్ని నెలలు పడుతుంది అన్నవి. ఏటా 40 కోట్ల నికర అద్దె వచ్చే భవనం 8 శాతం క్యాప్ రేటు దగ్గర 500 కోట్లు చేస్తుంది, 8.5 శాతం దగ్గర 470 కోట్ల చిల్లర. అరశాతం దగ్గర 29 కోట్లు మాయమవుతాయి. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఉన్న భవనాన్ని కొనేవాడికి ఖాస్రా పహాణీతో పనేమిటి?

నేలవాది: మాదాపూర్ మైండ్‌స్పేస్‌నే తీసుకొంటే మంచిది. ఆ ఆవరణలోని ఆస్తులను పట్టుకొన్న కంపెనీల్లో మైండ్‌స్పేస్ రీట్‌కు ఉన్నది 89 శాతం. మిగిలిన 11 శాతం ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఐఐసీ భూమి ఇచ్చి వాటా పుచ్చుకొన్నది గనుక ఆ 11 శాతం ఏర్పడింది. భూమి ఎలా చేతులు మారిందన్న కథ పట్టికలో ఒక గడిగా మారి నిలబడింది. రీట్ యూనిట్‌దారుకు చేరే నగదును లెక్కించేటప్పుడు దాన్ని మరచినవాడి లెక్క తప్పు.

లెక్కవాది: అది తెలుసుకోవడానికి తహసీల్ కార్యాలయానికి పోనక్కరలేదు, రీట్ ఆఫర్ డాక్యుమెంట్‌లో ఉంది, సెబీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అందువల్ల ఈ ఉదాహరణ రెండు పక్షాలకూ చెందుతుంది. నమూనా కొని నింపేవాడు ఆఫర్ డాక్యుమెంట్ తెరవడు అన్న ఆక్షేపణ మాత్రం ఒప్పుకోదగినది, ఒప్పుకొన్నట్టే. అయితే అభ్యర్థికి చెప్పవలసిన మాట ‘లెక్క వదిలి గల్లీ పట్టు’ అన్నది కాక, ‘వందల పేజీల ఆఫర్ డాక్యుమెంట్‌ను అద్దె పట్టీతో సరిపోల్చి చదువు’ అన్నది కావాలి.

నేలవాది: చదవమనడం బాగుంది, చదవడానికి పొద్దు ఎక్కడిదన్నది ఇంకో ప్రశ్న. పగలు ఏదో లెక్కల కార్యాలయంలో పనిచేసి, రాత్రి జరీ పని ఇంటి గదిలో దీపం పంచుకొనే అభ్యర్థికి సీఎఫ్‌ఏ పరీక్ష ఫీజు డాలర్లలో ఉంటుంది, ఎంబీఏ ఫీజు చెప్పనక్కరలేదు. అతనికి ఉన్న గంటలు కొన్నే. వాటిలో మొదటి నూరు గంటలు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే అతని దృష్టిలో సన్నాహం. ఇంకో చిక్కు ఈ పేటలో దాటవేయలేనిది. భారతదేశంలో రియల్ ఎస్టేట్ నిధుల పనిలో పెద్ద భాగం వాటా కొనడం కాదు, బిల్డరుకు డిబెంచర్ల రూపంలో అప్పివ్వడం; అది వడ్డీ వ్యాపారం. వడ్డీని హరాంగా ఎంచే ఇంటి బిడ్డకు ఈ సంగతి ఉద్యోగంలో చేరాక తెలియడం మంచిది కాదు.

లెక్కవాది: అది ముందే తెలుసుకోవలసినదే, అయితే అడ్డుగోడ కానక్కరలేదు. అద్దె ఆస్తిలో వాటా కొనే విభాగం వేరు, అప్పు విభాగం వేరు. ఏది ఎవరు చేస్తారో ఇంటర్వ్యూకు ముందే అడగవచ్చు. వాటా వైపు కూడా కొనుగోలులో కొంత అప్పు కలుస్తుంది గనుక మనస్సాక్షి పూర్తిగా తేటపడదు. కాని మలేషియా 2005లోనే ఇస్లామీ రీట్‌లకు మార్గదర్శకాలు వెలువరించి, నిషిద్ధ వ్యాపారాల నుంచి వచ్చే అద్దె మొత్తం అద్దెలో 20 శాతం మించరాదని గీత గీసింది. గల్ఫ్ నిధులు భారతీయ ఆస్తుల్లో పెట్టుబడి పెడుతున్న కాలంలో ఈ గీతల లెక్క తెలిసిన అభ్యర్థి అరుదైనవాడే. గంటల సంగతికి వస్తే, మొదటి నూరు గంటలూ లెక్కకే. ఎందుకంటే తలుపు తీసేది అది. తీయని తలుపు వెనుక ఎంత భూజ్ఞానం ఉన్నా ఎవరికీ కనిపించదు.

నేలవాది: తలుపు ఒకసారి తీశాక ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘మీరైతే ఏ ఆస్తి కొంటారు, ఎందుకు?’ అక్కడ అందరూ మాదాపూర్ చెబుతారు. యాకుత్‌పురా అభ్యర్థి తన పేట చెబితే ఎలా ఉంటుంది? ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ దారి యాకుత్‌పురాకు పడమటి వైపున పోతుంది. స్టేషన్ వచ్చే చోట భూమి విలువ పెరుగుతుందని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. అయినా ఏ నిధీ ఇటు చూడదు. స్థలాలు వంద, నూటయాభై గజాలవి, వారసులు అనేకులు, చాలా ఇళ్లు రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితం మీదే చేతులు మారాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దృష్టిలో ఆ కాగితం అమ్మకమే కాదు. ఎందుకు కొనరాదో ఇంత వివరంగా చెప్పగల అభ్యర్థి, ఎందుకు కొనాలో చెప్పేవారందరికన్నా ఎక్కువ చెప్పినట్టు కాదా?

లెక్కవాది: కొనరాదని చెప్పడం తప్పు కాదు, మంచి కమిటీలు దాన్ని మెచ్చుకొంటాయి కూడా. కాని ‘కొనరాదు’ అన్నది సగం వాక్యం. ‘ఈ ధరకు కొనరాదు’ అన్నప్పుడే అది పూర్తవుతుంది. ధరే తెలియని చోట ఆ వాక్యం రాయడం ఎలా?

నేలవాది: నోటరీ లావాదేవీల్లో అసలు ధర ఎక్కడా నమోదు కాదు. అందుకే అది నేల తెలిసినవాడి పని.

లెక్కవాది: మెట్రో కోసం సేకరించిన స్థలాలకు చదరపు గజానికి 81,000 రూపాయల పరిహారం ఖరారైంది, అది బహిరంగంగా ఉన్న ధర, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఇక ఇందాకటి లెక్కనే తిప్పి చూడాలి. నాలుగేళ్లకు 200 కోట్లయ్యే స్థలాల గుంపుకు 100 కోట్లివ్వవచ్చు. వారసుల తగాదాలు, నోటరీ కాగితాలు సరిచేయడానికి మరో మూడేళ్లు పడుతుందని నేలవాదం చెబితే, అదే 18.9 శాతం రాబడి నిలబెట్టుకోవాలంటే ఇవాళ ఇవ్వదగినది 59.5 కోట్లు. మూడేళ్ల చిక్కుకు వెల 40.5 కోట్లు. పహాణీ చదివినవాడు మూడేళ్లు అని చెప్పాడు, ఎక్సెల్ నేర్చినవాడు 59.5 అని చెప్పాడు. కమిటీ ముందు పెట్టవలసినది ఆ రెండవ అంకే.

నేలవాది: ఆ 40.5 కోట్లు ఎవరి జేబులోనుంచి తగ్గుతాయో కూడా అదే కాగితం మీద రాయాలి. కాగితం సరిగా ఉన్న యజమాని 59.5కు అమ్మడు, అమ్మేది అన్నదమ్ములు విడిపోయి కోర్టు ఖర్చుకు డబ్బు లేనివారు, హిబాను రాయించుకోని ముసలమ్మ, నోటరీ కాగితం మాత్రమే ఉన్న దర్జీ. వాళ్ల భాష వచ్చినందుకే, వాళ్ల కాగితాల్లోని లోపం కనిపెట్టగలిగినందుకే ఉద్యోగం దొరికిన అభ్యర్థి, ఆ లోపానికి వెల కట్టి ఆ వెలను వాళ్ల చేతికొచ్చే సొమ్ములోనే కోస్తాడు. స్థానిక పరిజ్ఞానాన్ని సన్నాహంగా చెప్పినప్పుడు ఈ పక్షం ఊహించిన ఉపయోగం ఇది కాదు.

లెక్కవాది: ఊహించకపోవచ్చు, కాని అంకెలోకి మారిన పరిజ్ఞానం ఎప్పుడూ ఇటువంటి పనే చేస్తుంది. నిధి రాకపోతే ఆ ముసలమ్మకు 100 దొరుకుతుందనుకోవడం కూడా తప్పే. ఆ గల్లీలో ఇప్పుడున్న కొనుగోలుదారు నోటరీ లోపాన్ని 40.5 కన్నా ఎక్కువకే కోసి, మిగతాది నగదుగా, రసీదు లేకుండా ఇస్తాడు. కాగితాలు సరిచేసే మూడేళ్ల ఖర్చును నిధి భరించి, పెరిగిన విలువలో కొంత వాటాను అమ్మినవారికే వాయిదాగా రాసిచ్చే ఒప్పందాన్ని అభ్యర్థి కూర్చగలిగితే, వాటర్‌ఫాల్‌లో మదుపరికీ నిర్వాహకుడికీ మధ్య ఆమెకూ ఒక మెట్టు పెట్టవచ్చు.

నేలవాది: ఆ మెట్టు పెట్టిన మరుక్షణం మదుపరి రాబడి 18.9 దగ్గర నిలవదు. ఎంత తగ్గుతుందో లెక్కవాదమే చెప్పాలి. అంత తగ్గినా కమిటీ ఒప్పుకొంటుందో లేదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.